తాయమ్మకు తీపి పెట్టిందెవరు?

"దొంగ దొరికింది మేడం. ఇంత ఎండలో మీకు శ్రమ ఇచ్చినందుకు ఆసుపత్రి తరఫున సారీ," అన్నాడు రఘునాథ్, మీసం దువ్వుకుంటూ.

డిటెక్టివ్ కోమలి హెల్మెట్ తీసి అతని బల్ల మీదే పెట్టింది. ఆమె పోలీసు ఉద్యోగం వదిలి సొంతంగా డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకోక ముందు ఈ రఘునాథ్ కిందే ఎస్సైగా పనిచేసింది. అప్పుడతను సర్కిల్ ఇన్‌స్పెక్టరు. ఇప్పుడు రిటైరై, తిరుపతిలోని ఈ ఆసుపత్రికి సెక్యూరిటీ ఆఫీసరు. యూనిఫాం పోయింది గానీ దాని దర్పం మాత్రం అతని ఒంటిని వదిలిపెట్టలేదు.

"దొరికిందా? ఆడమనిషా?" అంది కోమలి కుర్చీ లాక్కుంటూ.

"పేషెంటు కోడలు. పేరు ధరణి. పక్క గదిలో కూర్చోబెట్టాను. ఇంకాసేపట్లో స్టేషన్‌కి పంపేస్తా."

"పంపేయడానికి అదేమన్నా కొరియరు కవరా సార్? ముందు నన్ను మాట్లాడనివ్వండి."

కేసు చెప్పుకోవడానికి చిన్నదే. తాయమ్మది ఐరాల దగ్గర పల్లె. కాణిపాకం గుడి ముందు గరిక మాలలు, టెంకాయలు అమ్ముకుని బతుకుతుంది. గుండెలో ఒక వాల్వు పాడైపోయింది, మార్చక తప్పదు. ఆ ఆపరేషన్‌కి అయ్యే ఖర్చు ఆ కుటుంబం జన్మంతా గరిక అల్లినా కూడబెట్టలేదు. కానీ ఆరోగ్యశ్రీ కార్డు ఉంది. ప్రభుత్వాలు పథకం పేరు ఎన్నిసార్లు మార్చినా జనం నోట ఆ పేరే నిలిచిపోయింది. కార్డు మీద అనుమతి వచ్చింది, ఒక్క రూపాయి కట్టే పని లేదు, తేదీ కూడా ఖాయమైంది.

ఆ రోజు తెల్లవారేసరికి తాయమ్మ షుగరు ఆకాశానికి ఎక్కి కూర్చుంది. రాత్రి అదుపులో ఉన్నది తెల్లారేలోపు అంత పెరగడం డాక్టర్లకు అర్థం కాలేదు. మందులు మార్చి మరో తేదీ వేశారు. ఆ రోజూ అంతే. ఎవరో రహస్యంగా ఆమెకు తీపి పెడుతున్నారని సూపరింటెండెంటుకు అనుమానం వచ్చి కోమలికి ఫోన్ చేశారు. రేపు మూడోసారి. రేపటితో అనుమతి గడువు కూడా తీరిపోతుంది. మళ్ళీ మొదటినుంచి పెట్టుకోవచ్చు గానీ, అన్నాళ్ళు ఆ గుండె ఆగుతుందని ఏ డాక్టరూ మాట ఇవ్వడం లేదు.

"నా దగ్గర కెమెరా ఉంది," అన్నాడు రఘునాథ్ కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పి. "రెండు రోజులూ తెల్లవారుజామున ఆ మంచం దగ్గరికి వచ్చింది కోడలొక్కతే. ఇంకో మాట వినండి. ఫ్లాస్కు పట్టుకుని క్యాంటీన్‌కి దిగింది. ఎవరైనా ఐదు నిమిషాల్లో తిరిగొస్తారు. ఈవిడకి దాదాపు అరగంట పట్టింది. రెండు రోజులూ అంతే. ఆ అరగంట ఎక్కడుంది? ఎవర్ని కలిసింది?"

"ఎవర్ని కలిసిందంటారు?"

"బ్రోకర్ని! కార్డు మీద చేసే ఆపరేషన్ సరిగ్గా చెయ్యరు, డబ్బు కట్టే చోటికి రండి అని పేషెంట్లను భయపెట్టి ఎత్తుకుపోయే ముఠా ఒకటి గేటు దగ్గర తిరుగుతోంది. పోయిన నెలే ఒకణ్ణి పట్టుకున్నా. ఈవిడ వాళ్ళ దగ్గర కమీషన్ మాట్లాడుకుని అత్తకు తీపి పెడుతోంది. అంతే కేసు."

"ఫ్లాస్కు చూశారా?"

"ల్యాబుకి పంపాను." రఘునాథ్ గొంతు కొంచెం తగ్గింది. "అందులో చక్కెర లేదన్నారు. ఇంకెక్కడో దాచి ఉంటుంది."

కోమలి నవ్వలేదు. నవ్వాలనిపించింది, అది వేరే సంగతి.

పక్క గదిలో ధరణి గోడకు ఆనుకుని కూర్చుంది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి గానీ పెదాల్లో రక్తం లేదు. ఏడవడం లేదు, బతిమాలుకోవడం లేదు. తప్పు చేసినవాళ్ళూ చెయ్యనివాళ్ళూ ఇద్దరూ పోలీసు మీసం చూస్తే ఏదో ఒకటి వాగుతారు. ఈ పిల్ల నోరు మూసుకుని కూర్చోవడం కోమలికి వింతగా అనిపించింది.

"ఏమ్మా ధరణీ, పొద్దున ఎన్నింటికి లేస్తావు?"

"నాలుగున్నరకల్లా లేస్తానక్కా."

"లేచి?"

"అత్తకి మొగం తుడిచి... ఫ్లాస్కు తీసుకోని కిందికి పోతా. కాఫీ నాకే. అత్తకి ఇయ్యను. ఇయ్యకూడదని... సిస్టరు చెప్పినారు గదా."

"మళ్ళీ పైకి రావడానికి అంతసేపు ఏమిటికి? యాడుంటివి?"

ధరణి చూపు నేలకు దిగింది. "మెట్ల మింద కూసోనుంటి."

"ఎవరి కోసం?" అని ఉరిమాడు వెనకనుంచి రఘునాథ్.

"ఎవరి కోసమూ కాదు సార్."

"లిఫ్టు ఉందిగా?"

"అది పేషెంట్లకే అన్నారు సార్, మీ వాళ్ళే."

కోమలి ముందుకు వంగింది. "మీ అత్తకి తీపి ఎవరు పెడతా ఉండారో నీకు తెలుసా?"

ధరణి తల అడ్డంగా ఊపింది. ఊపడానికి ముందు ఒక్క క్షణం ఆలోచించింది. ఆ క్షణం కోమలికి చాలు. ఈ పిల్లకు తెలుసు. తెలిసి దాస్తోంది, తనను తాను కాపాడుకోవడానికి మాత్రం కాదు.

బయటికి రాగానే రఘునాథ్ అన్నాడు, "చూశారా? నోరు తెరవదు."

"నోరు తెరవకపోవడం నేరమైతే మా ఆయన్ని ఎప్పుడో లోపలేయాల్సింది. సార్, స్టేషన్ మాట కొంచెం ఆపండి. నేను మంచం చూసి వస్తా."

"అరగంట," అన్నాడు రఘునాథ్. "అరగంట తర్వాత నా దారి నాది."

మూడో అంతస్తులో మహిళల వార్డు. హెడ్ నర్సు ఎస్తేరు తలుపు దగ్గరే ఎదురైంది. ముఖం నిండా దిగులు.

"మేడం, ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉండా. ఇట్లాంటిది సూళ్ళేదు. పరుపు దులిపినాం, డ్రాయరు వెతికినాం, ఆమె వక్కాకు సంచి కూడా తీసుకోని పెట్టినాం. తీపన్నది ఈ మంచం దరిదాపుల్లో లేదు. ఉన్నవంతా చీమలే."

"చీమలా?"

"దిండు గలీబు మూడు తూర్లు మార్చినాం. మందు కూడా కొట్టినాం. పోతేగదా!"

తాయమ్మ వీపు వెనక మూడు దిళ్ళు పెట్టుకుని ఒరిగి ఉంది. ఆయాసం ఉన్నా మాటకు కరువు లేదు. "రా తల్లీ. నువ్వూ నాడి సూస్తావా?"

"నాడి సూసేదాన్ని కాదక్కా. దొంగల్ని సూసేదాన్ని."

"ఈడ దొంగ యాడుండాడు? అందరూ మంచోళ్ళే," అంది తాయమ్మ. అని గబుక్కున కిటికీ వైపు చూసింది.

కోమలి నేల మీద గొంతుక్కూర్చుంది. చీమల బారు కిటికీ మూలనుంచి బయలుదేరింది. పక్క మంచం వాళ్ళ బిస్కెట్ ప్యాకెట్ సగం విప్పి ఉంది, దాని జోలికి పోలేదు. ధరణి సంచిలో బన్ను ఉంది, దాన్నీ పట్టించుకోలేదు. మంచం తలవైపు ఇనుప కాలు ఎక్కి నేరుగా దిండు మీదికి పోతోంది. కోమలి పై దిండు మెల్లగా లాగి చూసింది. దిండు లోపల చీమల్లేవు. పైన మాత్రమే ఉన్నాయి, అదీ తల ఆనే చోట. దిండు లాగేసరికి దిక్కు తెలియక అటూ ఇటూ తిరగసాగాయి.

"సిస్టర్, ఆపరేషన్‌కి ముందు తలస్నానం చేయించరా?"

"చేయించాలి. జలుబు చేస్తాదని ఒప్పుకోదు. థియేటరుకి తీసుకపోయే ముందు మేమే జడలు వేసి టోపీ పెడతాం. ఆడిదాకా వస్తే గదా, రెండు తూర్లూ షుగరు కాడే ఆగిపోయె."

కోమలి మంచం అంచున కూర్చుని దువ్వెన తీసింది. "అక్కా, ఇట్ల తిరుగు. తల దువ్వుతా."

తాయమ్మ చెయ్యి చటుక్కున కొప్పు మీదికి పోయింది. "వద్దు తల్లీ! నా కొప్పు నేనే ఏసుకుంటా. పెండ్లయిన కాడ్నుంచీ ఇంకొకరి చెయ్యి పడనీలేదు."

సరిగ్గా అప్పుడే రఘునాథ్ వార్డులోకి వచ్చాడు. "టైమైంది మేడం. ఆ కోడల్ని కూడా పైకి తెమ్మన్నాను. అత్త ఎదురుగానే అడుగుదాం, ఎట్లా చెప్పదో చూస్తా."

"మంచి టైముకే వచ్చారు సార్. మీ సర్వీసులో ఇళ్ళు సోదా చేశారు, లారీలు సోదా చేశారు. ఎప్పుడన్నా కొప్పు సోదా చేశారా?"

అంటూనే కోమలి తాయమ్మ చేతిని మెల్లగా పక్కకు తీసి, పిన్ను లాగింది. నెరిసిన జుట్టు భుజాల మీద పడింది. దానితోపాటే ఒక చిన్న పొట్లం దుప్పటి మీద పడింది. ఎండిన అరటి పట్టలో చుట్టి, నారతో ముడి వేసిన పొట్లం. విప్పితే లోపల సగం కొరికిన నల్లబెల్లం గడ్డ, దాని చుట్టూ నాలుగు చీమలు.

ఎస్తేరు నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"కోడలే! కోడలే అక్కడ దాచింది," అన్నాడు రఘునాథ్.

"ఈ ముడి చూడండి. లాగితే జారి, వదిలితే బిగుసుకునే ముడి. గరిక మాల కట్టేవాళ్ళ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి వెయ్యలేదు. అయినా ఒక మనిషి కొప్పులో ఆ మనిషికి తెలీకుండా బెల్లం దాచడం ఎట్లా సార్? మీ కెమెరా మంచం దగ్గరికి వచ్చినవాళ్ళనే చూసింది. మంచం మీదే ఉన్న మనిషిని మీరు చూడలేదు."

"తన ఆపరేషన్‌ని తనే చెడగొట్టుకుంటుందా? పిచ్చా?"

"నా కోడల్ని ఏమీ అనొద్దు సారూ," అంది తాయమ్మ. "నేనే తినింది. పిచ్చీ లేదు, ఏమీ లేదు. ఇంటికాడ్నుంచి కొప్పులో పెట్టుకోనొచ్చి, తెలిసే తినినా."

కోమలి ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. "భయమా అక్కా, కోస్తారని?"

"కోతకి భయమేమి తల్లీ. బతకాలనే నాకూ ఉండాది." తాయమ్మ కళ్ళు తుడుచుకుంది. "నా కోడలికి కూడా ఇదే జబ్బు. దానికి తెల్దు. నాకు తెలుసు. రాత్రిపూట పండుకోలేక గోడకి ఆనుకోని కూసోని నిద్రపోతాది. బిందె ఎత్తితే మూడు తూర్లు దించుతాది. నాకూ అట్లే మొదలైంది. అది సిన్నపిల్ల. దాని ముందర శానా బతుకుండాది. ఉండే కార్డు ఒకటే గదా. నేను వాడేసుకుంటే దానికేం మిగుల్తాది?"

"వాడేసుకోవడమేంది అక్కా?"

"గుడి కాడ సూళ్ళేదా? టికెట్టు తీసుకోని లైన్లో నిలబడితే అది ఇంకా టికెట్టే. లోపలికి పోయేటప్పుడు చింపుతారు. చింపినాక మళ్ళీ పనికొస్తాదా? ఆపరేషన్ అయిందంటే కార్డు చింపినట్టే. కింద కార్డు కౌంటర్లో ఉండే జోయలబ్బాయి చెప్పినాడు, రేపటితో గడువు దాటిపోతే అనుమతి రద్దయిపోతాదని. రద్దయితే కార్డు కార్డుగానే ఉంటాది గదా! అది మిగిలితే సాలు. ఇంటికి పొయ్యి దానికి చూపించుకుందామనుకున్నా."

కోమలి ఎన్నో దొంగతనాలు పట్టుకుంది గానీ, తన ప్రాణాన్ని తనే దొంగిలించి ఇంకొకరికి దాచిపెట్టే దొంగను చూడడం ఇదే మొదలు. కోపం వచ్చింది, ఆ కోపంలోనే ఆమెను కావలించుకోవాలనీ అనిపించింది.

"సిస్టర్, ఆ జోయల్ని పిలవండి," అంది.

జోయల్ కింద ఆరోగ్యశ్రీ కౌంటర్లో కూర్చుని రోగులకు దారి చూపించే ఉద్యోగి. లిఫ్టులో వచ్చి, సంగతి విని, నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"పెద్దమ్మా, ఇది గుడి టికెట్టు కాదు. కార్డులో పేరుండే ప్రతి మనిషికీ వైద్యం చేస్తారు. ఇంటికంతా కలిపి ఏడాదికి ఇంత అని ఉండాది, అది శానా పెద్దది. నీ ఆపరేషన్ అయినా నీ కోడలికి కావలసినంత మిగుల్తాది. వచ్చే ఏడాది మళ్ళీ కొత్తగా మొదలవుతాది."

"అంటే చింపరా?"

"చింపరు."

"వరసిద్ధి వినాయకుడి మింద ప్రమాణం చేస్తావా?"

జోయల్ ఇబ్బందిగా నవ్వాడు. "నేను చర్చికి పోయేవాణ్ణి పెద్దమ్మా."

"అయితే యేసు మిందనే చెయ్యి."

జోయల్ గుండె మీద చెయ్యి పెట్టుకుని ప్రమాణం చేశాడు. తాయమ్మ ఒళ్ళంతా బరువు దిగినట్టు దిళ్ళ మీదికి వాలిపోయింది.

రఘునాథ్ గొంతు సవరించుకున్నాడు. "సరే, ఒప్పుకుంటున్నా. కానీ ఆ అరగంట? మెట్ల మీద అరగంట ఎందుకు కూర్చున్నట్టు?"

"ఎక్కలేక సార్," అంది కోమలి. "నాలుగు మెట్లకోసారి ఆగితే మూడంతస్తులకి అరగంట పట్టదా?" అంటూనే ఆమె ఉలిక్కిపడింది. "ఆ పిల్లని పైకి తెమ్మన్నానన్నారు. ఎట్లా తెమ్మన్నారు?"

రఘునాథ్ ముఖం పాలిపోయింది. "లిఫ్టు పేషెంట్లకే అని రూలు... గార్డుకి చెప్పా, తొందరగా నడిపించుకు రమ్మని..."

అతని మాట పూర్తి కాకుండానే మెట్ల వైపునుంచి కేక వినబడింది. కోమలి పరుగెత్తింది. రెండో అంతస్తు మలుపులో ధరణి పడి ఉంది. పెదాలు నీలంగా మారాయి, నోటినుంచి గుర్రుగుర్రుమని శబ్దం వస్తోంది. గార్డు పక్కన నిలబడి కేకలు పెడుతున్నాడు.

అందరికంటే ముందు కదిలింది రఘునాథే. వంగి ఆ పిల్లను రెండు చేతులతో ఎత్తుకున్నాడు. రిటైరైన మనిషి అన్న సంగతి అతనికీ గుర్తు లేదు. "లిఫ్టు! లిఫ్టు తెరవండిరా!" అని అరుచుకుంటూ ఎక్కి, ఎమర్జెన్సీ దాకా ఆమెను కింద దించలేదు.

అక్కడ ఆక్సిజన్ పెట్టారు, ఇంజెక్షన్లు ఇచ్చారు, గుండెకు ఎకో తీశారు. బయట బెంచీ మీద రఘునాథ్ చేతులు నలుపుకుంటూ కూర్చున్నాడు. కోమలికి అతన్ని ఒక్క మాట అనబుద్ధి కాలేదు. తనూ ఆ అరగంట అర్థం ఇంకొంచెం ముందే విప్పి చెప్పి ఉండవచ్చు కదా అని లోపల గుచ్చుకుంటోంది.

చివరికి గుండె డాక్టరమ్మ బయటికి వచ్చింది. "సమయానికి పడింది. ఇదే ఇంట్లో పడి ఉంటే దక్కేది కాదు. వాల్వు బాగా మూసుకుపోయింది. అత్తగారికి లాగా కొయ్యక్కర్లేదు. తొడ దగ్గర నరం గుండా బెలూన్ పంపి తెరుస్తాం. రేపే చేస్తాం. జోయల్, దీనికి అత్యవసరం కింద అనుమతి కావాలి."

"ఫోన్లోనే తీసుకుంటున్నా మేడం. కార్డులో పేరుండాది," అన్నాడు జోయల్. అప్పటికే ఫోన్ చెవి దగ్గర ఉంది.

అనుమతి వచ్చాక ధరణిని కూడా వార్డుకు తెచ్చారు, లిఫ్టులో. తాయమ్మ పక్క మంచమే ఖాళీ చేయించింది ఎస్తేరు. ఆక్సిజన్ మాస్కు పైన ధరణి కళ్ళు తెరుచుకుని ముందు అత్త కోసం వెతికాయి, విడిపోయిన ఆమె కొప్పు దగ్గర ఆగాయి.

"అత్తా, బెల్లం దొరికిపోయిందా?"

"నీకు తెలుసునామే?" అంది తాయమ్మ ఆశ్చర్యంగా.

"పొద్దున మొగం తుడిచేటప్పుడు చేతికి జిగురు తగిలె. కోతకి భయపడి తింటా ఉండావేమో అనుకున్నా. చెప్తే వీళ్ళు కోప్పడి ఇంటికి పంపిచ్చేస్తారని... ఊరకుంటి."

కోమలి మంచం దగ్గరికి వచ్చింది. "ధరణీ, నీ జబ్బు సంగతి నీకు ఇప్పుడే తెలిసిందా?"

ధరణి అత్త మీదినుంచి చూపు పక్కకు తిప్పుకుంది.

"చెప్పమ్మా."

"పోయినేడాదే తెలుసు అక్కా. సూళ్లూరుపేట కాడ ఫ్యాక్టరీలో చేస్తా ఉన్నప్పుడు క్యాంపు పెట్టినారు. గుండెలో వాల్వు మూసుకుపోతా ఉండాది, బిన్నా, లేటు చెయ్యకుండా ఆపరేషన్ చేయించుకోమని డాక్టరు చెప్పె. ఇంటికొచ్చి చెప్దామనుకుంటే అప్పుడే అత్త పడిపోయింది. ఉండేది ఒక కార్డు. అత్త ముందర చేయించుకోవాల గదా. నేను సిన్నదాన్ని, తట్టుకుంటా అనుకున్నా."

తాయమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "ఒక కార్డుకి ఒక ఆపరేషనే అని నీకెవురు చెప్పిరి?"

ధరణి అత్త వైపు తిరిగింది. "నువ్వే గదత్తా. గుడి టికెట్టు లెక్క చెప్పింది నువ్వే."

రఘునాథ్ తల పక్కకు తిప్పుకున్నాడు. ఎస్తేరు ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. ఒక్క తప్పు మాట ఒకే ఇంట్లో ఇద్దరి గొంతుల మీదా కూర్చుంది. రేపు గడువు దాటిపోయి ఉంటే ఇద్దరూ ఒకరికోసం ఒకరు కార్డు దాచుకుని, అది వాడకుండానే పోయేవాళ్ళు.

తాయమ్మ చెయ్యి చాచి రెండు మంచాల మధ్యనుంచి ఆ పిల్ల వేళ్ళు పట్టుకుంది.

"నా నోట్లో మన్ను పడ," అంది. అని వెంటనే ఎస్తేరు వైపు తిరిగింది. "సిస్టరమ్మా, నాకు తలస్నానం చేయించు, జడలు నువ్వే ఎయ్యి. రాత్రికి ఏమేమి తినకూడదో, నీళ్ళు ఎప్పుడు ఆపాలో సరిగ్గా చెప్పు తల్లీ. ఇద్దరికీ చెప్పు."